రంగు కడిగాక

తెలుగువాడికి ఆడవేషం కొత్తేమీ కాదు. గుడిలో చూశాం, జాతరలో చూశాం, భామాకలాపంలో చూసి మురిసిపోయాం, పద్మశ్రీలిచ్చి సత్కరించుకున్నాం. ఆ వేషం వెనకున్న మనిషి వైపు కెమెరా తిప్పడానికి మాత్రం చాలాకాలం తటపటాయించాం. అంతర్వేది నుంచి హైదరాబాద్ దాకా, అక్కడి నుంచి బొంబాయి దాకా సాగిన ఆ కథ ఇది.

2024 డిసెంబర్‌లో 'పుష్ప 2' వచ్చింది. గంగమ్మ జాతర ఘట్టంలో అల్లు అర్జున్ చీర కట్టి, ఒంటినిండా నగలు పెట్టి, మెడలో నిమ్మకాయల దండ వేసుకుని పూనకంతో ఊగిపోతుంటే థియేటర్లు దద్దరిల్లాయి. అంత పెద్ద మాస్ హీరో చీర కట్టాడేమిటని అభిమానులు చిన్నబుచ్చుకోలేదు సరికదా, అదే ఫొటోని ఫ్లెక్సీలకి ఎక్కించారు.

ఆ సీను తీసిన సుకుమార్‌ది మలికిపురం దగ్గర మట్టపర్రు. హీరో తాతగారు అల్లు రామలింగయ్యది వశిష్ఠ గోదావరికి అవతల పాలకొల్లు. దిండి దగ్గర చించినాడ వంతెన దాటితే ఒకరి సీమ నుంచి ఇంకొకరి సీమలోకి వచ్చేస్తాం. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి బళ్ళు కట్టుకుని వెళ్ళిన జనం కూడా ఈ రెండు వైపుల వాళ్ళే. ఇటు నుంచి రాజోలు, మలికిపురం మీదుగా కొందరు వస్తే, అటు నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగేవాళ్ళు కొందరు.

సినిమాలో చూపించింది మాత్రం గోదావరి ఆచారం కాదు, తిరుపతిది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మొక్కుకున్న మగవాళ్ళు మీసం తీయించుకుని, చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వీధుల్లోకి వస్తారు. ఊళ్ళో ఆడపిల్లల్ని చెరబడుతున్న పాలెగాణ్ణి గంగమ్మ వేషాలు మార్చుకుంటూ వెతికి చంపిందని కథ. బైరాగి, తోటి, దొర, మాతంగి, అన్నీ అమ్మవారి వేషాలే. కైకాల కుటుంబంలోని మగవాళ్ళు ఆ వేషాలు కడతారు. ఇక్కడో తమాషా ఉంది. దొర వేషంలో అమ్మవారు మగవాడిలా తయారవుతుంది, ఆ అమ్మవారిలా తయారైనవాడు మళ్ళీ మగవాడే. అమెరికా పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఏళ్ళ తరబడి ఈ జాతర మీద పనిచేసి 2013లో ఓ పుస్తకమే రాశారు. జాతర జరిగినన్నాళ్ళూ ఊరు ఊరంతా స్త్రీ అయిపోతుందన్నది ఆమె చూసిన చూపు.

గోదారి పాయల మధ్య

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘశుద్ధ దశమి రాత్రి. మర్నాడు భీష్మ ఏకాదశి, రథోత్సవం. కదిలిన రథం గుర్రాలక్క గుడి దగ్గర ఆగుతుంది. అన్న నరసింహుడు చెల్లెలికి చీర పెట్టాలి, అది అయ్యాకే ఊరేగింపు. ఈ గుర్రాలక్కే అశ్వరూఢాంబిక. రక్తవిలోచనుడనే రాక్షసుడి నెత్తురు బొట్లు నేల మీద పడకుండా పట్టడానికి స్వామి సృష్టించిన శక్తి అని స్థలపురాణం. 2020 సెప్టెంబర్‌లో పాత రథం కాలిపోయింది. మరుసటి ఏడాది కొత్త రథం వచ్చింది, చీర పెట్టే ఆచారమూ దానితో నడిచింది.

తీర్థం అంటే దర్శనం ఒక్కటే కాదని కోనసీమలో వేరే చెప్పక్కర్లేదు. గాజుల కొట్లు, జీళ్ళ దుకాణాలు, రంగులరాట్నం, రాత్రికి స్టేజీ. ఒకప్పుడు అలాంటి స్టేజీల మీద తెల్లవార్లూ హరిశ్చంద్ర, రాయబారం, చింతామణి ఆడేవాళ్ళు. చంద్రమతి ఏడిస్తే జనం ఏడ్చేవారు, చింతామణి కొంటెగా చూస్తే ముందు వరస చాపల మీద కూచున్నవాళ్ళు ఈలలు వేసేవారు. ఆ చంద్రమతి, ఆ చింతామణి మగవాళ్ళన్న సంగతి తెలియనివాడు ఎవడూ లేడు. అన్నట్టు, కాళ్ళకూరి నారాయణరావు 'చింతామణి'ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది. గొడవ సుబ్బిశెట్టి పాత్ర గురించే. చింతామణిగా మగవాడు చీర కట్టడం మీద ఏనాడూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

అంతర్వేది నుంచి గోదావరి ఎగువకి, కొత్తపేట మీదుగా ఆత్రేయపురం మండలంలోకి వెళ్తే ర్యాలి వస్తుంది. అక్కడి జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందు నుంచి చూస్తే శంఖచక్రాలు పట్టిన విష్ణువు. అర్చకుడు దీపం పట్టుకుని వెనక్కి తీసుకెళ్తాడు. అక్కడ మోహిని. సిగ చుట్టిన జుట్టు, నడుము వంపు, కాలి మీద పుట్టుమచ్చ. దీపాన్ని ఆ పుట్టుమచ్చ దగ్గర కాసేపు నిలిపి మరీ చూపిస్తాడు. ఒకే శిల, రెండు వైపులా ఒకే స్వామి. ముందు దణ్ణం పెట్టినవాళ్ళు వెనక్కి వెళ్ళీ దణ్ణం పెడతారు. ఏ భక్తుడూ ఇబ్బంది పడడు.

దేవుడి విషయంలో ఉన్న ఈ ధారాళం మనిషి దగ్గరికొచ్చేసరికి ఏమవుతుందన్నదే ఈ కథనమంతా.

జడ వేసిన సవాలు

ఇద్దరు మనుషులు రెండు చివరలూ పట్టుకున్న తెర. దాని వెనక సత్యభామ. ముఖం కనిపించదు, గజ్జెల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఒక్కసారిగా తెర మీంచి పొడవాటి జడ ఇవతలికి వచ్చి పడుతుంది. సూర్యచంద్రుల బిళ్ళలు, నాగపడగ, కింద జడకుప్పెలు. భామాకలాపంలో సత్యభామ రాక ఇది. నన్ను మించినవారుంటే రండి, ఓడితే ఈ జడ కోసుకుంటానని ఆ జడకి అర్థం చెబుతారు కూచిపూడి పెద్దలు. ఆ జడ సవరంతో కట్టింది, వేసుకున్నవాడు మగవాడు.

కూచిపూడిలో పుట్టిన ప్రతి మగబిడ్డా జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని ఆ ఊరి నమ్మకం. అందరూ కట్టారు, కొందరే సత్యభామలయ్యారు. వాళ్ళలో వేదాంతం సత్యనారాయణశర్మ పేరు ముందు చెప్పాలి. సత్యభామగా, ఉషగా, మోహినిగా ఆయన్ని చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ నడక గురించి చెబుతారు. 1961లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ. 2012 నవంబర్‌లో కన్నుమూశారు.

ఆయనకంటే ముందే నాటకరంగంలో స్థానం నరసింహారావు ఉన్నారు. బాపట్లలో 1902లో పుట్టారు. 1920లో అదే ఊళ్ళో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషధారి రాకపోతే ఆ వేళకి ఈ కుర్రాడికి చీర కట్టారు. అంతే, నలభై ఏళ్ళు ఆ చీర విప్పలేదు. తెనాలి రామవిలాస సభలో సత్యభామ, చిత్రాంగి, రోషనార, దేవదేవి, మధురవాణి. ఒక్కో పాత్రకి చీర కట్టు వేరు, నడక వేరు, నవ్వు వేరు. 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో సత్యభామ గర్వాన్నంతా గుమ్మరించే పాటని ఆయనే రాసుకున్నారు. 1966లో అదే పేరుతో సినిమా తీసినప్పుడు ఆ పాటని పి.సుశీల చేత పాడించి జమున మీద తీశారు. తెలుగుదేశం మొత్తం గుర్తుపెట్టుకున్న ఆ ఆడగర్వం ఒక మగవాడి కలం నుంచి, ఒక మగవాడి గొంతు నుంచి పుట్టిందన్నమాట! 1956లో పద్మశ్రీ ఇచ్చారు. తన అనుభవాలన్నీ 'నటస్థానం' పుస్తకంలో రాసిపెట్టి 1971లో వెళ్ళిపోయారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఆడవేషం కట్టినవాడు స్వలింగ ప్రేమికుడు కావాలని లేదు, ట్రాన్స్‌జెండర్ అయి ఉండాలనీ లేదు. స్థానం వారిని, శర్మగారిని లాక్కొచ్చి నేటి మాటల చట్రంలో బిగించడం వాళ్ళకీ అన్యాయమే, ఆ మాటల కోసం పోరాడినవాళ్ళకీ అన్యాయమే. వాళ్ళది వృత్తి, విద్య. చూడాల్సింది వాళ్ళ మనసుల్లోకి కాదు, చూసిన జనం వైపు. మగవాడిలో స్త్రీత్వాన్ని చూసి ముచ్చటపడటం మనకి తెలుసు, ఒక షరతు మీద. నాటకం అయ్యాక రంగు కడిగేసి, పంచె కట్టుకుని ఇంటికి పోవాలి.

ఆ షరతు వెనక కులం లెక్క, అధికారం లెక్క కూడా ఉన్నాయి. ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పే హర్షిత మృత్తింటి కామత్ 2019లో వెలువరించిన పుస్తకంలో కూచిపూడి స్త్రీవేషాన్ని ఈ కోణం నుంచే తవ్వారు. ఆడవేషం కట్టగలగడం ఆ అగ్రహారంలో మగతనానికి లోటు తేలేదు, పైపెచ్చు గౌరవం తెచ్చిందంటారామె. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఆడపిల్లలకి విరివిగా నేర్పడంతో ఆ వేషం గిరాకీ తగ్గింది.

మరి నిజంగా ఆడవాళ్ళు ఆడిన భామాకలాపం ఏమైంది? కోనసీమలోనే ఉండేది. ముమ్మిడివరంలో అన్నాబత్తుల వారి మేళానికి ఆ ఆటలో గొప్ప పేరు. మండపేట, మురమండ కళావంతులు అదే ఆట ఆడేవారు. పిఠాపురం కుంతీమాధవస్వామి గుడి సంప్రదాయమైన నవజనార్దన పారిజాతంలోనూ సత్యభామే నాయిక. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. గుళ్ళో ఆట ఆగింది, పెళ్ళిళ్ళకి మేళాలు పిలవడం తప్పైపోయింది. తర్వాత నటరాజ రామకృష్ణ ఆ విద్యని వెతికి పట్టుకుని ఆంధ్రనాట్యంగా నిలబెట్టారు. పిఠాపురం సత్యభామని ఆయన శిష్యుడు కళాకృష్ణ స్త్రీవేషంలో ఆడి పేరు తెచ్చుకున్నారు. కళాకృష్ణ అభినయం ముందు నిలబడటం ఎవరికైనా కష్టమే, అందులో సందేహం లేదు. అయినా ఆడితే కళావంతుల ఆడపడుచుకి అపకీర్తి, అదే ఆట ఆడితే మగవాడికి బిరుదు వచ్చిన కాలం అది. దాన్ని తలుచుకుంటే కాస్త మింగుడుపడదు.

1919

స్థానం చంద్రమతిగా మొదటిసారి చీర కట్టడానికి ఏడాది ముందు, నిజాం రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. ఫసలీ 1329 నాటి నపుంసకుల చట్టం. పోలీసులు హిజ్రాల పేర్లతో రిజిస్టర్ పెట్టాలి. వాళ్ళలో ఎవరైనా ఆడబట్టలు కట్టి, నగలు పెట్టి వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా, వేడుకల్లో పాల్గొన్నా వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ళ దాకా జైలు.

కృష్ణా జిల్లాలో, గుంటూరు జిల్లాలో స్టేజీ మీద మగవాడు చీర కడితే టికెట్లు అమ్ముడయ్యేవి. అదే చీర హైదరాబాద్ వీధిలో నేరం. తేడా అంతా రంగు కడిగేయడంలో ఉంది. కడిగేవాడు నటుడు, కడగనివాడు నేరస్థుడు. స్వతంత్రం వచ్చినా, రాష్ట్రాలు కలిసినా, మళ్ళీ విడిపోయినా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన కేసులో 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నూటనాలుగేళ్ళు పట్టింది.

అదే 1919లో బెర్లిన్‌లో రిచర్డ్ ఆస్వాల్డ్ 'ఆండర్స్ ఆల్స్ డీ ఆండెర్న్' అనే మూకీ తీశాడు. ఇద్దరు మగవాళ్ళ ప్రేమ, దాన్ని అడ్డం పెట్టుకుని డబ్బు గుంజే బ్లాక్‌మెయిలర్, చివరికి వయొలిన్ విద్వాంసుడి ఆత్మహత్య. డాక్టర్ మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ రచనలో చేయి కలపడమే కాదు, తెర మీదా కనిపించి జర్మన్ శిక్షాస్మృతిలోని 175వ సెక్షన్ తప్పని వాదించాడు. స్వలింగ ప్రేమని సానుభూతితో చూపిన తొలి సినిమాల్లో అది ముఖ్యమైనది. మరుసటి ఏడాదే నిషేధించారు. నాజీల కాలం దాటి ఇప్పటికి మిగిలినవి ముక్కలే.

మన దేశంలో సినిమా ఆడవేషంతోనే పుట్టింది. 1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీయబోతే తారామతికి ఆడమనిషి దొరకలేదు. ఓ హోటల్లో పనిచేస్తున్న అన్నా సాళుంకేని పట్టుకొచ్చి చీర కట్టారు. 1917లో 'లంకాదహనం'లో రాముడూ అతనే, సీతా అతనే. తెలుగు టాకీ మాత్రం ఆ అవసరం పడకుండానే మొదలైంది. నరసింహస్వామి కథే అయిన 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చినప్పుడు లీలావతిగా సురభి కమలాబాయి వేశారు. 1885 నుంచి సురభి కుటుంబాలు నాటకాలాడుతూ ఇంటి ఆడవాళ్ళనే రంగమెక్కించిన పుణ్యం.

సాకు దొరికితేనే చీర

అక్కినేని నాగేశ్వరరావు నాటకాల్లో పేరు తెచ్చుకున్నది స్త్రీ పాత్రలతోనే. ఎన్టీఆర్ ఉదంతం ఇంకా బావుంటుంది. విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ తెలుగు శాఖలో ఉన్న రోజులు. 'రాచమల్లుని దౌత్యం' నాటకంలో నాగమ్మ పాత్ర రామారావుకిచ్చారు. చీర కడతానన్నాడు కానీ మీసం తీయనన్నాడు. మీసంతోనే నాగమ్మగా వేసి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్నాడు. ఆ తర్వాత 1963లో 'నర్తనశాల'లో బృహన్నలగా ఆయన నడిచిన తీరు తెలుగు సినిమాలో ఇప్పటికీ ఒక కొలమానం. ఆ పాత్రలో వెకిలితనం ఒక్క రవ్వ కనిపించదు. అయితే బృహన్నలకి ఊర్వశి శాపముంది, అజ్ఞాతవాసం ఏడాది గడువుంది. గడువు తీరగానే గాండీవం దిగుతుంది.

ఆ తర్వాతి ఆడవేషాలన్నిటికీ అలాంటి సాకు ఏదో ఒకటి ఉంటూనే వచ్చింది. 'చిత్రం భళారే విచిత్రం'లో నరేష్‌కి అద్దె ఇల్లు కావాలి. 'మేడమ్'లో రాజేంద్రప్రసాద్‌ది ఇంకో అవసరం. తమిళం నుంచి వచ్చిన 'భామనే సత్యభామనే'లో కమల్‌హాసన్‌కి కూతుర్ని చూసుకోవాలి. నవ్వించారు, బాగానే నవ్వించారు. కానీ చీర కట్టుకోవడం ఇష్టమై కట్టుకున్న పాత్ర వస్తే మాత్రం తొంభైల నుంచి మన కామెడీ ట్రాకులు దాన్ని ఏం చేశాయో అందరికీ తెలుసు. చప్పట్లు కొట్టించి, హీరో చేత తోయించి, థియేటర్‌ని నవ్వించి పంపేశాయి. బృహన్నలని అంత హుందాగా తీసిన పరిశ్రమేనా ఇది అనిపిస్తుంది.

సాకు అక్కర్లేని సినిమా బయట నుంచి రావాల్సి వచ్చింది, పెద్ద స్టూడియోల గడప ఎక్కకుండా.

గులాబీ అద్దం

1971లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ డబ్బుతో ప్రేమ్ కపూర్ 'బద్నామ్ బస్తీ' తీశాడు. కమలేశ్వర్ నవల ఆధారం. ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడది, వాళ్ళ మధ్య ఎటూ తేలని ఆకర్షణ. వచ్చిన సంగతి కూడా చాలామందికి తెలియకుండానే మాయమైంది. ఇక లేదనుకున్న ప్రింటు 2019లో బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ భద్రపరిచిన రీళ్ళలో బయటపడింది. 1996లో రియాద్ వాడియా పన్నెండు నిమిషాల 'బామ్‌గే' తీశాడు. ఆర్.రాజారావు కవితలకి బొమ్మ కట్టిన చిన్న సినిమా అది. అదే ఏడాది తయారైన దీపా మెహతా 'ఫైర్' 1998లో మన థియేటర్లకి వస్తే అద్దాలు పగిలాయి.

ఇవన్నీ ప్రేమ గురించి. ఆడవేషం గురించి తీసిన సినిమా ఒకటి 2003లో వచ్చింది. శ్రీధర్ రంగాయన్ 'గులాబీ ఆయినా'. నలభై నిమిషాలు. కర్ణాటక నుంచి బొంబాయి వెళ్ళిన రంగాయన్, సాగర్ గుప్తాతో కలిసి సొంతంగా సంస్థ పెట్టుకుని తీసుకున్న సినిమా. బిబ్బో, షబ్బో అని ఇద్దరు. ఇంట్లో చీరల్లో, విగ్గుల్లో, హిందీ సినిమా హీరోయిన్ల ఫక్కీలో ఒకరినొకరు దెప్పుకుంటూ ఉంటారు. సమీర్ అనే అందగాడు దొరికితే వాడి కోసం పోటీ, మధ్యలో ఇంగ్లీషు చదువుల కుర్రాడు ఒకడు. పైకి చూస్తే అంతా పిల్లి తగవు. ఆ దెప్పుళ్ళ మధ్యలోనే హెచ్‌ఐవీ మాట వస్తుంది, అప్పటిదాకా గయ్యాళుల్లా కనిపించిన ఇద్దరిలో ఒకరికొకరు తప్ప దిక్కులేనితనం బయటపడుతుంది.

మన పాత నాటకాల్లో చీర కట్టినవాడు స్టేజీ మీదికి వచ్చాకే కథ మొదలయ్యేది. రంగాయన్ కెమెరా అద్దం ముందే కూచుంది. వేషం కట్టేది ఎవరు, కట్టేటప్పుడు ఏం మాట్లాడుకుంటారు, కట్టకుండా ఉండలేకపోవడం ఎలా ఉంటుంది? ప్రేక్షకుడికి ఎన్నడూ కనిపించని గది అది. చౌకగా, కొంచెం గరుకుగా తీసిన సినిమానే, అక్కడక్కడా నటన మోతాదు మించింది కూడా. అయినా ఆ గదిలోకి అడుగుపెట్టడం ఒక్కటే దాన్ని నిలబెట్టింది.

సెన్సార్ బోర్డు మాత్రం అసభ్యంగా, అభ్యంతరకరంగా ఉందని సర్టిఫికెట్ ఇవ్వలేదు. మళ్ళీ అడిగారు, మళ్ళీ కాదన్నారు. మూడుసార్లూ అదే జవాబు. చీరలో మగవాణ్ణి చూపిస్తే సర్టిఫికెట్ ఇవ్వకూడదన్న రూలుంటే 'నర్తనశాల' నుంచి మొదలుపెట్టాలి కదా! దేశదేశాల చిత్రోత్సవాల్లో పదులకొద్దీ ప్రదర్శనలు చూసిన ఈ సినిమా, పన్నెండేళ్ళ తర్వాత 2015లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక గానీ ఇంట్లో కూచుని చూసే వీలు కలగలేదు. ఈలోగా రంగాయన్ 2010లో ముంబైలో 'కషిష్' చిత్రోత్సవం మొదలుపెట్టారు. కుర్ర దర్శకులకి ఎక్కడ పంపాలో తెలియని సినిమాలకి అదో చిరునామా అయింది.

న్యూయార్క్‌లో ఇలాంటి పని అప్పటికే జరిగింది. హార్లెమ్‌లో పేద నల్లజాతి, లాటినో యువకులు రాత్రిపూట హాళ్ళు అద్దెకి తీసుకుని వేషాల పోటీలు పెట్టుకునేవారు. ఆ లోకాన్ని జెన్నీ లివింగ్‌స్టన్ ఏళ్ళ తరబడి చిత్రీకరించి 1990లో 'పారిస్ ఈజ్ బర్నింగ్' పూర్తి చేసింది. కంపెనీ ఆఫీసర్‌లా, సైనికుడిలా, కాలేజీ కుర్రాడిలా వేషం కట్టే పోటీలూ అక్కడ ఉండేవి. తమని రానివ్వని లోకం తాలూకు దుస్తుల్ని ఒక్క రాత్రి వేసుకోవడం. ఇవాళ ప్రపంచమంతా టీవీల్లో చూస్తున్న డ్రాగ్ పోటీల భాష చాలావరకు ఆ హాళ్ళలో పుట్టిందే.

మన గది తలుపు

తెలుగులో ఆ తలుపు తీసిన పని ఒకటి ఉంది. వేదాంతం సత్యనారాయణశర్మ జీవితం మీద హైదరాబాద్ దర్శకుడు దూలం సత్యనారాయణ తీసిన డాక్యుమెంటరీ 'ఐ యామ్ సత్యభామ'. స్వలింగ ప్రేమ కథ కాదది, అలా ప్రచారం చేసుకోలేదు కూడా. జీవితమంతా ఇంకొకరిగా మెప్పించిన మనిషి వృద్ధాప్యంలో ఎలా ఉంటాడని చూసిన సినిమా. డాక్యుమెంటరీలకి థియేటర్లు లేని చోట దాన్ని ఎంతమంది చూశారో ఊహించుకోవచ్చు. అంత పని చేసినవాణ్ణి మెచ్చుకున్న చేతుల్తోనే వందమందికి చూపించే ఏర్పాటు చేసి ఉంటే బావుండేది.

పెద్ద సినిమాలో 2018 ఫిబ్రవరిలో 'అ!' వచ్చింది. దర్శకుడు ప్రశాంత్ వర్మదీ పాలకొల్లే, ఈ కథకీ ఆ ఊరికీ ఏదో లంకె ఉన్నట్టుంది. నిత్యామీనన్, ఈషా రెబ్బా ప్రేమికులు. అమ్మాయి తల్లిదండ్రుల ఎదురుగా కూచుని నేను ప్రేమించింది ఈ అమ్మాయినే అని పరిచయం చేస్తుంది. తండ్రి తెల్లబోతాడు, జనం నవ్వుతారు, కానీ ఆ నవ్వు అమ్మాయిల మీద కాదు. హీరో నాని నిర్మాత. పరస్పర సమ్మతితో సాగే స్వలింగ సంబంధాన్ని సుప్రీంకోర్టు సెప్టెంబర్ 6న 377వ సెక్షన్ నుంచి తప్పించడానికి ఆరు నెలలకి పైగా ముందే ఒక తెలుగు కమర్షియల్ సినిమా ఆ మాట అనేసింది. కథ చివర వాళ్ళిద్దరూ ఒక అమ్మాయి మనసులో పుట్టిన మనుషులని తేలుతుంది. మళ్ళీ ఓ సాకు! అయినా ఆ టేబుల్ దగ్గరి సంభాషణ గుర్తుండిపోతుంది.

ఇక వేదిక మీద. 2013 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో తొలి ప్రైడ్ ఊరేగింపు జరిగింది. అప్పటికి స్వలింగ సంబంధం నేరం కాదన్న ఢిల్లీ హైకోర్టు 2009 తీర్పు అమల్లో ఉంది. అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2014 ఏప్రిల్‌లో 'నల్సా' తీర్పు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపుని ఒప్పుకుంది. ఈ ఎగుడుదిగుళ్ళ మధ్యే నగరంలో డ్రాగ్ కళాకారులు బయటికొచ్చారు. వాళ్ళలో తెలుగువాళ్ళకి బాగా తెలిసిన పేరు పత్రుని చిదానంద శాస్త్రి. ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టి, శాస్త్రీయ నృత్యం నేర్చి హైదరాబాద్ చేరారు. కూచిపూడి అభినయం తెలిసిన శరీరానికి విగ్గు, మెరుపులు, కొత్త సంగీతం తోడయ్యాయి. డ్రాగ్ కళాకారులకోసం 'డ్రాగ్‌వంతి' పేరుతో వేదిక నడుపుతున్నారు. డ్రాగ్ అంటే అమెరికా సరుకు అనేవాళ్ళకి సత్యభామని, బృహన్నలని, గంగమ్మ జాతరని చూపిస్తారు. ఆ వాదనలో పస ఉంది.

పస ఉంది గానీ పూర్తి నిజం కాదు. సత్యభామ వేషధారిని ఊరు భుజాన మోసింది, ఎందుకంటే ఆ వేషం ఊరిది. క్లబ్బులో, కేఫ్‌లో డ్రాగ్ ఆడేవాడు తన వేషం తనే కట్టుకుంటాడు, దానికి దేవుడి పూచీ లేదు, గురువు ఆశీస్సు లేదు. తీర్థాల్లో, సంక్రాంతికి కోనసీమ ఊళ్ళలో జరిగే రికార్డింగ్ డాన్సు స్టేజీ మీద ఆడే ట్రాన్స్‌జెండర్ కళాకారులకైతే ఆ క్లబ్బు మర్యాద కూడా లేదు. పోలీసులు పర్మిషన్ ఇస్తే ఆట, ఇవ్వకపోతే రాత్రికి రాత్రే సామాన్లు సర్దుకోవడం. వాళ్ళ మేకప్ గది టెంటు వెనక కట్టిన ఒక పరదా. అక్కడికి ఇంతవరకు ఏ పెద్ద కెమెరా వెళ్ళలేదు. సెల్‌ఫోన్లు మాత్రం రోజూ వెళ్తున్నాయి, అవి తీసేది స్టేజీ ముందు నుంచే.

మరాఠీ వాళ్ళు 2011లో 'బాలగంధర్వ' సినిమా తీశారు. వాళ్ళ నాటకరంగాన్ని ఏలిన స్త్రీ పాత్రధారి కథ. ఆయన కట్టిన చీరల ఫ్యాషన్‌ని మహారాష్ట్ర ఆడవాళ్ళు అనుకరించిన రోజుల నుంచి అప్పుల పాలైన రోజుల దాకా దాచకుండా చూపించారు. సుబోధ్ భావే ఆ వేషం కట్టాడు. ముఖానికి రంగు వేసుకోవడం, కడుక్కోవడం, రెండూ ఆ సినిమాలో ఉన్నాయి. మనకి కథకి కొదవలేదు. బాపట్లలో చంద్రమతి రాని ఆ రాత్రి ఉంది, తెనాలి ఉంది, 'నటస్థానం' పుస్తకం చేతిలోనే ఉంది. 'పుష్ప 2' తర్వాత చీర కడితే మార్కెట్ పడిపోతుందన్న బెంగ కూడా తీరిపోయింది. ఇక కావలసింది మీసం తీయడానికి ఒప్పుకునే హీరో.